గుండ్లన్నీ ఒక్కచోట ఎందుకు పడవు? రైఫిల్ గురి వెనకున్న లెక్క

పాలమూరులో, నల్లగొండలో రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టే పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల నాన్నలు, నన్ను ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, ఏ రైఫిల్ కొంటే గురి మంచిగ కుదురుతది?" కొంచెం అనుభవం వచ్చినవాళ్లు స్కోప్ (రైఫిల్ మీద పెట్టే దుర్బిణీ) గురించి అడుగుతారు, ఇంకా ముందుకు పోయినవాళ్లు బ్యారెల్ (గుండు బయటికొచ్చే గొట్టం) మార్పిద్దామా అంటారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఉన్న రైఫిల్‌తోనే, ఒక కొత్త కాగితం మీద, మధ్యలో ఏదీ సరిచేయకుండా పది గుండ్లు కాల్చండి. పక్కకు పోయినవాటిని లెక్కలోంచి తీసేయకండి. ఆ కాగితం పట్టుకురండి, ముందు దాన్ని చూద్దాం.

ఇది మాట తప్పించడానికి చెప్పేది కాదు. రైఫిల్ గురి అనేది ఒక్క వస్తువుతో బాగుపడేది కాదు, ఒక్క వస్తువుతో చెడిపోయేదీ కాదు. కాల్చే మనిషి వల్ల కొంత, స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క భాగం) వల్ల కొంత, తూటా (గుండు, మందు, గుల్ల కలిపి) వల్ల కొంత, గాలి వల్ల కొంత, ఇట్లా అయిదారు చోట్ల నుంచి వచ్చే తప్పులన్నీ కలిసి ఆ కాగితం మీద పడతాయి. ఆ తప్పులు కలిసే తీరులో ఒక చిత్రమైన లెక్క ఉంది. అది తెలియకపోవడం వల్లనే చాలామంది వేలకు వేలు, ఒక్కోసారి లక్షలు, పెట్టకూడని చోట పెడుతున్నారు.

లెక్కలోకి పోయే ముందు ఒక తేడా స్పష్టంగా పట్టుకోవాలి. పది గుండ్లూ రూపాయి బిళ్లంత చోటులో పడి, ఆ చోటు మధ్య చుక్కకు ఎడమవైపు నాలుగు అంగుళాల దూరంలో ఉంటే అది చాలా మంచి వార్త. సైట్ (గురి చూసే భాగం) నాలుగు క్లిక్కులు తిప్పాలో నలభై తిప్పాలో లెక్కేసి తిప్పితే పని అయిపోయింది. అదే పది గుండ్లు మధ్య చుక్క చుట్టూ పళ్లెమంత వెడల్పున చెల్లాచెదురుగా పడితే, వాటి సగటు సరిగ్గా మధ్యలోనే ఉన్నా సరే, ఏ క్లిక్కూ ఆదుకోదు. మొదటిది జీరో సమస్య, అంటే సైట్ చూపే చోటు, గుండ్లు పడే చోటు ఒకటి కాకపోవడం. రెండోది గ్రూప్ సమస్య, అంటే గుండ్లు ఒకదానికొకటి దూరంగా పడటం. గ్రూప్ సమస్యను జీరో సమస్య అనుకుని ప్రతి గుండుకూ సైట్ తిప్పుతూ పోయేవాళ్లను ఏ రేంజ్‌లో చూసినా కనిపిస్తారు. గుండు ఎడమకు పోయిందని కుడికి రెండు క్లిక్కులు, తర్వాతిది కుడికి పోయిందని ఎడమకు మూడు. అట్లా తిప్పినప్పుడల్లా ఉన్న చెదురుకు మరింత చెదురు కలుపుతున్నారు తప్ప తగ్గించడం లేదు.

గ్రూప్‌ను కొలవడానికి షూటర్లు వాడేది మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దగ్గర అది 29 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దగ్గర అందులో సగం, 300 మీటర్ల దగ్గర 87. కోణంతో కొలిస్తే దూరం మారినా పోల్చడం తేలిక. చాలా స్కోపుల మీద ఒక్క క్లిక్కు ఈ కోణంలో పావు వంతు, అంటే 100 మీటర్లకు సుమారు 7 మిల్లీమీటర్లు. ఎంత సన్నగా గురి పెట్టాలో తెలియాలంటే పోటీ టార్గెట్లు చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 50 మీటర్ల .22 (అంగుళంలో నూటికి 22 వంతుల వ్యాసమున్న చిన్న తూటా) టార్గెట్‌లో పది రింగు 10.4 మిల్లీమీటర్లు. 300 మీటర్లకు 100 మిల్లీమీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ అర మిల్లీమీటరు చుక్క మీదనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) వచ్చింది.

ఇప్పుడు పది గుండ్లే ఎందుకు, మూడు చాలవా అన్న సంగతి. చాలవు. మూడు గుండ్ల గ్రూప్ ఫోటో తీసి "నా రైఫిల్ అర మినిట్ కొడుతది" అని చూపించేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, ఆ మూడు గుండ్లు నిజంగానే అక్కడే పడ్డాయి. కానీ తక్కువ గుండ్లు కాల్చినప్పుడు చెదురు పూర్తిగా బయటపడదు. సగటున మూడు గుండ్లకు 20 మిల్లీమీటర్ల గ్రూప్ ఇచ్చే రైఫిలే, అదే మనిషి, అదే రోజు, అయిదు గుండ్లు కాలిస్తే సగటున 25 దాకా, పది కాలిస్తే 31 లేదా 32 దాకా ఇస్తుంది. రైఫిల్‌లో ఏమీ పాడవలేదు, ఉన్నదే కనిపించింది. పైగా మూడు గుండ్ల గ్రూపులు ఒకదానికొకటి విపరీతంగా మారుతుంటాయి. ఈ రోజు 12, రేపు 30 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే రెండు రకాల తూటాలను మూడేసి గుండ్లతో పోల్చి "ఇది మంచిది, అది చెత్త" అని తేల్చేయడం అదృష్టాన్ని కొలవడమే. జీరో చేయడానికీ ఇదే వర్తిస్తుంది. పది గుండ్ల గ్రూప్ మధ్య బిందువు గుర్తుపెట్టి ఒక్కసారి సైట్ తిప్పడం నయం.

అసలు లెక్కకు వద్దాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు మామూలు కూడికలా కలవవు, వాటి వర్గాలు కలుస్తాయి. పదో తరగతిలో చదివిన లంబకోణ త్రిభుజం సూత్రమే. మీ పట్టు వల్ల వచ్చే చెదురు 20 మిల్లీమీటర్లు, తూటా వల్ల వచ్చేది 5 అనుకోండి. రెండూ కలిస్తే 25 కాదు. 400, 25 కలిపి వర్గమూలం తీస్తే 20.6. ఇప్పుడు మీరు ప్రపంచంలోనే ఖరీదైన తూటా తెచ్చి ఆ 5ను ఏకంగా సున్నా చేశారు. గ్రూప్ ఎంతకు తగ్గింది? 20.6 నుంచి 20కి. అర మిల్లీమీటరు పై చిల్లర, కాగితం మీద కంటికి ఆనదు. అదే పాత తూటాతోనే ఉండి, పట్టును 20 నుంచి 15కు తెచ్చుకుంటే గ్రూప్ 15.8కి దిగుతుంది. అంటే పెద్ద తప్పు ఉన్నంత కాలం చిన్న తప్పుల మీద పెట్టిన డబ్బు, శ్రమ దాదాపు కనిపించకుండా పోతాయి. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది దానంతటదే తేలిపోతుంది. పెద్దదాన్ని వెతకాలి, దాన్ని తగ్గించాలి, తర్వాత మిగిలినవాటిలో ఏది పెద్దదో మళ్లీ వెతకాలి.

వెతకడం ఎట్లా? రైఫిల్‌ను మనిషి నుంచి విడదీసి చూడాలి. ముందు ఇసుక బస్తాల మీద, ముందొకటి వెనకొకటి పెట్టి, తీరిగ్గా పది గుండ్లు. తర్వాత మామూలుగా పోటీలో ఎట్లా కాలుస్తారో అట్లా పది. బస్తా మీద 15 మిల్లీమీటర్లు, పడుకుని చేతికి రైఫిల్ పట్టీ బిగించి కాలిస్తే 40 వస్తే మీ దగ్గరున్న రైఫిల్ మీకు ఎక్కువే, ఇంకో రెండేళ్లు దాని ముఖం చూడనక్కర్లేదు. రెండూ ఇంచుమించు ఒకేలా వస్తేనే రైఫిల్, తూటా సంగతి చూడాలి. నా అనుభవంలో మొదటి రకమే చాలా ఎక్కువ.

మనిషి వల్ల వచ్చే తప్పులకు కూడా కాగితం మీద ఆనవాళ్లుంటాయి. జడ్చర్ల నుంచి వచ్చే ఒక ఇంటర్ కుర్రాడి కాగితం చూశాను. పది రంధ్రాలూ పక్కకు చూస్తే వేలి వెడల్పులోనే ఉన్నాయి, నిలువుగా మాత్రం అరచేతి పొడవున బారుగా నిలబడ్డాయి. వాడు తూటాల వేగం సమంగా లేదని తీర్మానించుకుని వేరే కంపెనీ డబ్బా కోసం ఇంట్లో అడుగుతున్నాడు. పక్కన కూర్చుని వాడి వీపు చూశాను, టార్గెట్ కాదు. ఒక గుండు ఊపిరి పూర్తిగా వదిలాక పేలింది, ఇంకోటి సగం వదిలినప్పుడు, మరోటి మళ్లీ పీల్చడం మొదలయ్యాక. పడుకుని కాల్చేటప్పుడు ఛాతీ లేచినప్పుడల్లా బ్యారెల్ కొస కిందికి, ఛాతీ దిగినప్పుడు పైకి పోతుంది. 50 మీటర్లకు తూటా వేగంలో తేడా వల్ల అంత నిలువు రాదు, ఊపిరి వల్ల వస్తుంది. ఊపిరి సహజంగా వదిలాక, మళ్లీ పీల్చాలనిపించే లోపు రెండు మూడు సెకన్ల ఖాళీ ఉంటుంది కదా, దాన్ని కొద్దిగా సాగదీసి ప్రతిసారీ అక్కడే ట్రిగ్గర్ నొక్కమన్నాను. ఎనిమిది పది సెకన్లు దాటితే కంటిచూపు మసకబారుతుంది, కండరం వణుకుతుంది, అప్పుడు వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ నెలలోనే వాడి గ్రూప్ గుండ్రంగా మారింది. డబ్బా అదే.

పక్కలకు చెదిరితే ఎక్కువసార్లు కారణం శరీరం టార్గెట్ వైపు సహజంగా తిరిగి లేకపోవడం. పొజిషన్ తీసుకుని, గురి పెట్టి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా వదులుగా వదిలేసి, రెండు శ్వాసలయ్యాక కళ్లు తెరవండి. సైట్ ఎక్కడుందో అదే మీ శరీరం కోరుకుంటున్న చోటు. అది చుక్క మీద లేకపోతే చేత్తో లాగి తేవద్దు. లాగితే ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో కండరం వదులై రైఫిల్ తన చోటికి తను పోతుంది. నిలబడి ఉంటే పాదాలు, పడుకుని ఉంటే నడుము జరిపి మొత్తం శరీరాన్నే తిప్పాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, మొదట్లో విసుగొస్తుంది, కానీ బాగా కాల్చేవాళ్లందరూ ప్రతి సిరీస్ (వరసగా కాల్చే గుండ్ల విడత) ముందు చేసేది ఇదే.

ట్రిగ్గర్ నొక్కాక కథ అయిపోలేదు. సూది తూటా మీద పడ్డాక గుండు బ్యారెల్ దాటడానికి .22లో రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు 170 మీటర్ల చొప్పున మాత్రమే పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ కాస్త సేపట్లో మీరు తల ఎత్తినా, వేలు విదిలించినా గుండు ఇంకా లోపలే ఉంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిళ్లలో ఇది మరీ ఎక్కువ. పెల్లెట్ కదలకముందే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ ముందు వెనక్కి, తర్వాత ముందుకు తన్నుతుంది. దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంటే ప్రతిసారీ అదే బలంతో అదమలేం కాబట్టి గుండ్లు చెదురుతాయి. అరచేతి మీద ఊరికే ఆనించి, తన్నుకోనిస్తే ఒకేచోట కొడుతుంది. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. ఒక సాయంత్రం రెండు రకాలుగా పదేసి కాల్చి చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో ఖాళీగా, పెల్లెట్ లేకుండా చేసే ప్రాక్టీసును చాలామంది చిన్నచూపు చూస్తారు. మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో దానికోసమే ప్రత్యేక అమరిక ఉంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను మాత్రం ఖాళీగా పేల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది. .22లో కూడా సూది ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకు కొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి తయారీదారు పుస్తకంలో ఏముందో చూశాకే చేయండి, లేదా డమ్మీ తూటా పెట్టండి.

మనిషి సంగతి దారికొచ్చాక రైఫిల్. ఇక్కడ ముందు చూడాల్సినవి ఖరీదైనవి కావు, మరలు. స్కోప్‌ను పట్టుకునే రింగుల మరలు, యాక్షన్‌ను (తూటాను పెట్టి పేల్చే భాగాన్ని) స్టాక్‌కు బిగించే మరలు. నిన్నటిదాకా బాగా కొట్టిన రైఫిల్ ఉన్నట్టుండి చెదరగొడుతుంటే పదిలో ఎక్కువసార్లు ఒక మర వదులయ్యుంటుంది. ఎంత బిగించాలో తయారీదారు చెప్తాడు, టార్క్ రెంచ్‌తో అంతే బిగించాలి. బలముంది కదా అని తిప్పితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

తర్వాత స్టాక్. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన పాత చెక్క స్టాక్ .22 తెచ్చారు. బస్తా మీద పెట్టి కాలిస్తే గ్రూప్ ఒకచోట, పట్టీ బిగించి పడుకుని కాలిస్తే గ్రూప్ అంతే చిన్నగా, కానీ రెండు అంగుళాల అవతల. ఎండాకాలంలో ఇట్లా లేదని ఆయన మాట. ఒక సన్నటి కాగితం ముక్క తీసుకుని బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ముందు నుంచి వెనక్కి జరిపాం. కుడివైపు సాఫీగా పోయింది, ఎడమవైపు మధ్యలో పట్టుకుని ఆగిపోయింది. ఊడదీసి చూస్తే ఆ చోట చెక్క నున్నగా మెరుస్తోంది, బ్యారెల్ రాసుకుపోయిన గుర్తు. వానాకాలంలో తలుపు బిగుసుకున్నట్టే చెక్క ఉబ్బి బ్యారెల్‌ను తాకుతోంది. పట్టీ లాగినప్పుడల్లా స్టాక్ ముందు భాగం ఇంకా గట్టిగా నొక్కుతోంది. సన్నటి గరుకు కాగితం ఒక గుండ్రటి కర్రకు చుట్టి అక్కడ కొద్దికొద్దిగా రుద్ది, కాగితం రెండువైపులా ఆడేదాకా తీసి, లోపలి చెక్కకు తేమ పట్టకుండా పాలిష్ పెట్టాం. పట్టీతోనూ బస్తాతోనూ గ్రూపులు ఒకచోటికి వచ్చాయి. బ్యారెల్ స్టాక్‌ను ఎక్కడా తాకకుండా గాలిలో తేలేలా ఉంచడం అంటే ఇదే. పెద్ద తూటా రైఫిళ్లలో దీని విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ నాలుగైదు గుండ్లకే బ్యారెల్ వేడెక్కుతుంది, ఎక్కడన్నా తాకుతుంటే వేడితో పాటు గుండ్లు ఒక దిక్కుగా నడుచుకుంటూ పోతాయి. యాక్షన్ కూర్చునే చోట ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోసి సందు లేకుండా చేయడం కూడా ఉంది, అయితే అది చేయి తిరిగిన ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) పని. ఇంట్లో మొదలుపెడితే యాక్షన్ స్టాక్‌కు శాశ్వతంగా అతుక్కుపోవచ్చు.

బ్యారెల్ కొసను తేలిగ్గా తీసుకోవద్దు. గుండు చివరిగా తాకేది ఆ అంచునే. అక్కడ ఒక పక్క చిన్న నొక్కు ఉన్నా వెనకున్న గ్యాస్ ఒకవైపు ముందుగా తప్పించుకుని గుండు వెనక భాగాన్ని నెడుతుంది. అందుకే బ్యారెల్ కొసను నేలకు ఆనించకూడదు, శుభ్రం చేసే కడ్డీని వీలైనంతవరకు వెనక నుంచే పోనివ్వాలి.

తూటా దగ్గరికి వస్తే, ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న .22 తూటాలే ఒక లాట్ (ఒకే విడతలో తయారైనవి) నుంచి ఇంకో లాట్‌కు మీ రైఫిల్‌లో తేడాగా కొడతాయి. పెద్ద షూటర్లు ఈలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి కంపెనీల టెస్ట్ రేంజ్‌లకు తమ రైఫిల్ తీసుకెళ్లి, లాట్ల వారీగా కాల్చి, నచ్చిన లాట్‌ను కట్టగా కొనుక్కుంటారు. మనకు అంత వెసులుబాటు లేదు. దొరికినప్పుడు రెండు మూడు లాట్లు పదేసి గుండ్లతో, వీలైతే అంతకంటే ఎక్కువతో పోల్చుకుని, డబ్బా మీది లాట్ నంబరు రాసిపెట్టుకోవడం చేయగలిగిన పని. ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51, 4.52 మిల్లీమీటర్లు అని ఉంటుంది, ఏది మీ బ్యారెల్‌కు పడుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. విదేశాల్లో తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారని వీడియోల్లో చూసి అడుగుతుంటారు. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం నేరం, ఆ ఆలోచన వద్దు.

దూరం పెరిగేకొద్దీ ఇంతవరకూ దాక్కున్న తప్పులు బయటికొస్తాయి. సెకనుకు 800 మీటర్ల వేగంతో పోయే గుండు తీసుకుందాం. గాలి అడ్డే లేదనుకుని లెక్కేస్తే 100 మీటర్లకు అది కిందికి పడేది 7.7 సెంటీమీటర్లు, 600 మీటర్లకు 2.76 మీటర్లు. ఇంకో గుండు సెకనుకు 810 మీటర్లతో పోయిందనుకోండి. 100 మీటర్ల దగ్గర ఈ రెండింటి మధ్య ఎత్తు తేడా 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. 600 దగ్గర దాదాపు 7 సెంటీమీటర్లు. నిజమైన గాలిలో ఇంకా ఎక్కువే. 100 మీటర్లలో ఒకే రంధ్రంలా పడిన గుండ్లు 600లో ఎందుకు నిలువుగా సాగుతాయో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ మాత్రం తూటా వేగంలోని అసమానతే పెద్ద తప్పు అవుతుంది, దాన్ని తగ్గించడానికి పెట్టిన డబ్బుకు విలువుంటుంది.

రైఫిల్ పక్కకు వాలడం కూడా అంతే. దూరానికి తగ్గట్టు బ్యారెల్‌ను పైకెత్తి ఉంచుతాం కదా, రైఫిల్ 5 డిగ్రీలు పక్కకు వాలితే ఆ ఎత్తులో కొంత పక్కకు తిరిగిపోతుంది. 100 మీటర్లకు ఆ జరుగుడు 7 మిల్లీమీటర్ల లోపు, 600కు 24 సెంటీమీటర్లు. 5 డిగ్రీల వాలు కంటికి తెలియనే తెలియదు, ఏటవాలు నేల మీద పడుకుంటే అసలే తెలియదు. స్కోప్ మీద చిన్న నీటి బుడగ లెవెల్ పెట్టుకుంటే తీరిపోయే దీని కోసం కొత్త బ్యారెల్ కొన్నవాళ్లున్నారు.

వేట గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దూరం కొట్టే రైఫిళ్ల గురించి దొరికే రాతల్లో సగం వేటగాళ్లు రాసినవే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. అచ్చంపేట, దేవరకొండ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచుల్లో ఉండేవాళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. పంటల మీద పడే అడవి పందుల విషయంలో కూడా అధికారుల అనుమతి, వాళ్లు గుర్తించిన షూటర్ ఉండాల్సిందే. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో బాధ్యతగల వేటగాళ్లు దూరాన్ని రైఫిల్ శక్తితో కొలవరు. చల్లటి బ్యారెల్‌తో, కొండ మీద రాయికి ఆనుకునో మోకాలి మీదో కాల్చిన మొదటి గుండు, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే సుమారు 20 సెంటీమీటర్ల చోటులో ప్రతిసారీ పడేంత దూరమే తమ దూరం అనుకుంటారు. ఒక మినిట్ రైఫిల్ 600 మీటర్లకు పదిహేడున్నర సెంటీమీటర్లే కదా, సరిపోతుంది అనిపిస్తుంది. కానీ .308 లాంటి పెద్ద తూటాకు ఆ దూరంలో సెకనుకు ఒక్క మీటరు గాలిని తప్పుగా అంచనా వేసినా గుండు 15 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా పక్కకు పోతుంది. జంతువు చావదు, గాయంతో పారిపోతుంది. కాగితం మీద కాల్చే మనకు అదే పొరపాటుకు పోయేది పాయింట్లే.

గాలి దగ్గర మన అంచనాలన్నీ తలకిందులవుతాయి. 50 మీటర్లు పోవడానికి .22 గుండుకు 0.16 సెకన్లు పడుతుంది. సెకనుకు 2 మీటర్ల అడ్డగాలి వీస్తోంది, అంటే గంటకు 7 కిలోమీటర్లు, చెట్ల ఆకులు కదిలేంత. గుండు గాలితో పాటే కొట్టుకుపోతే 32 సెంటీమీటర్లు పక్కకు పోవాలి. నిజంగా పోయేది ఒక సెంటీమీటరు, కాస్త పైన. కారణం ఏమిటంటే గుండును పక్కకు జరిపేది ప్రయాణ సమయం మొత్తం కాదు, గాలి అడ్డం వల్ల అది నష్టపోయిన సమయం మాత్రమే. అసలు గాలే లేని శూన్యంలో 50 మీటర్లకు ఎంతసేపు పట్టేదో, నిజంగా ఎంతసేపు పట్టిందో, ఆ రెండింటి తేడాను గాలి వేగంతో గుణిస్తే పక్కకు జరిగే దూరం వస్తుంది. ఇక్కడ ఆ తేడా సెకనులో వెయ్యింట ఆరు వంతులు.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. ఎక్కువ వేగం ఉన్న .22 తూటా గాలికి తక్కువ కొట్టుకుపోతుందని అందరూ అనుకుంటారు, దుకాణాల్లో కూడా అట్లాగే చెప్తారు. కానీ ధ్వని వేగం దగ్గర గాలి అడ్డం ఒక్కసారిగా పెరుగుతుంది. ధ్వని వేగాన్ని దాటి బయల్దేరిన గుండు ఆ వేగాన్ని త్వరగా పోగొట్టుకుంటుంది, అంటే నష్టపోయే సమయం ఎక్కువ, అంటే గాలికి ఎక్కువ జరుగుతుంది. మ్యాచ్ తూటాలన్నీ సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర, ధ్వని వేగానికి కాస్త కిందే ఎందుకుంటాయో దీనితో అర్థమవుతుంది.

జూన్, జులైల్లో పాలమూరు మీదుగా వీచే పడమటి గాలిలో కాల్చినవాళ్లకు తెలుసు, అది ఒకే తీరున వీయదు. బలంగా వస్తుంది, సన్నగిల్లుతుంది, క్షణం ఆగుతుంది, మళ్లీ వస్తుంది. రేంజ్ పక్కన తాటిచెట్టుంటే దాని ఆకు చప్పుడు పై గాలిది, గుండు పోయే ఎత్తులో గాలి వేరు. రేంజ్ పొడవునా మీటరు ఎత్తు కర్రలకు పలచటి రిబ్బన్లు కట్టుకోండి, మీకు దగ్గరగా ఉన్నదానికి ఎక్కువ విలువివ్వండి, ఎందుకంటే మొదట్లో పక్కకు తిరిగిన గుండు మిగతా దూరమంతా ఆ తిరుగుడునే మోసుకుపోతుంది. ప్రతి గాలికీ క్లిక్కులు లెక్కేసుకుంటూ వెంటపడే కన్నా, ఎక్కువసేపు ఉండే ఒక స్థితిని ఎంచుకుని దానికి జీరో చేసి, రిబ్బన్ ఆ వాలుకు వచ్చినప్పుడే కాల్చడం చాలా నయం. రిబ్బన్ అటు తిరిగిపోతే వేలు తీసేసి ఆగాలి.

ఎండ సంగతి చెప్పకుండా మన జిల్లాల్లో షూటింగ్ గురించి మాట్లాడలేం. 15 డిగ్రీల చలిలో ఉండే గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి 8 శాతం పలచన. దూరం కాల్చేవాళ్లకు గుండు కాస్త పైన తగలడానికి అదొక కారణం, తూటాలోని వేడెక్కిన మందు వేగంగా మండటం ఇంకో కారణం. మే నెలలో తూటాల డబ్బా కారు డిక్కీలో వదిలేసి వచ్చి, పొద్దున చేసిన జీరో మధ్యాహ్నం మారిందని తల పట్టుకోవద్దు. డబ్బా నీడలో ఉంచండి, ఒక్కో తూటా కాల్చే ముందే ఛాంబర్‌లో పెట్టండి, వేడి బ్యారెల్‌లో నానబెట్టకండి.

పొద్దున తొమ్మిది దాటితే ఎర్రమట్టి నేల మీద నుంచి ఎండమావి లేస్తుంది. స్కోప్‌లో టార్గెట్ నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతుంది, అది కనిపించే చోటే నిజంగా ఉన్న చోటు కాదు, గాలి వీచే వైపు కాస్త జరిగి కనిపిస్తుంది. కానీ ఆ ఎండమావే గాలిని చూపించే పరికరం కూడా. స్పాటింగ్ స్కోప్ (టార్గెట్ చూడటానికి పక్కన విడిగా పెట్టుకునే దుర్బిణీ) ఫోకస్‌ను టార్గెట్‌కు కాస్త ఇవతలికి తెచ్చి చూడండి. అలలు నిటారుగా పైకి పోతుంటే అడ్డగాలి లేనట్టు, లేదా గాలి సరిగ్గా మీ ముందు నుంచో వెనక నుంచో వస్తున్నట్టు. వాలుగా పోతుంటే చిన్న గాలి. బల్లపరుపుగా పరుగెడుతుంటే గట్టి గాలి, అంతకు మించి ఎంత పెరిగినా ఇంచుమించు అట్లాగే కనిపిస్తుంది కాబట్టి అప్పుడు మళ్లీ రిబ్బన్లనే నమ్మాలి. నిటారుగా లేస్తున్నప్పుడు కాల్చడం అన్నింటికంటే ప్రమాదం, ఎందుకంటే గాలి దిక్కు మారే ముందు కూడా అలలు అట్లాగే నిలబడతాయి. సన్నగా ఒక పక్కకు వాలేదాకా ఆగి, ఆ వాలు రెండు మూడు శ్వాసల పాటు నిలిచిందని చూసుకుని నొక్కండి.